ట్రాన్స్‌మిషన్ ద్రవం

ట్రాన్స్‌మిషన్ ద్రవం అనునది కారు గేర్‌బాక్సులో ఉండే నూనె. మన మెకానిక్కులు దీనిని గేర్ ఆయిల్ అనీ, ఆటోమేటిక్ కార్లలో వాడే రకాన్ని ఏ.టి.ఎఫ్. అనీ అంటారు. ఇంజను ఆయిల్ కొంత కాలిపోయి తగ్గడం సహజమే. గేర్‌బాక్సులోని ద్రవం అలా ఖర్చయ్యేది కాదు. కావున దాని మట్టం తగ్గినదంటే ఎక్కడో కారుతున్నదని అర్థం. తగ్గినంత పోసి ఊరకుంటే లోపం అలాగే ఉండిపోతుంది.

ద్రవం చేసే పని

మాన్యువల్ గేర్‌బాక్సులో నూనె పళ్ళచక్రాలకు, బేరింగులకు కందెనగా ఉంటే చాలు. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ఇంజను శక్తిని చక్రాల వైపు పంపేది కూడా ద్రవమే. రెండు టేబుల్ ఫ్యానులను ఎదురెదురుగా ఉంచి ఒకదానిని వేస్తే, ఆ గాలికి రెండవది కూడా తిరుగుతుంది. టార్క్ కన్వర్టరులో గాలికి బదులు ద్రవం ఇదే పని చేస్తుంది. గేర్లు మార్చే క్లచ్ పలకలను నొక్కి పట్టేది కూడా ద్రవపు ఒత్తిడే. మట్టం తగ్గితే పంపు ద్రవంతో పాటు గాలిని పీల్చుకుంటుంది, ఒత్తిడి పడిపోతుంది, పలకలు జారి వేడెక్కి మాడిపోతాయి. అప్పుడు గేర్‌బాక్సు విప్పక తప్పదు. ఆ ఖర్చు ముందు లీటరు ద్రవం వెల లెక్కలోనికి రాదు.

మట్టం చూచే విధానం

ఈ పద్ధతి డిప్‌స్టిక్ (కొలతకడ్డీ) ఉన్న ఆటోమేటిక్ కార్లకు మాత్రమే. వేడికి ద్రవం వ్యాకోచిస్తుంది గనుక కారును కొంత దూరం నడిపి, ద్రవం వేడెక్కిన తరువాతనే చూడవలెను. సమతలంపై నిలిపి, చేతి బ్రేకు వేసి, ఇంజను నడుస్తుండగా కాలి బ్రేకు తొక్కిపట్టి, గేరు లివరును అన్ని స్థానాలలోను నెమ్మదిగా త్రిప్పి తిరిగి 'పి' స్థానానికి తేవలెను. తరువాత కడ్డీని తీసి, నూలుపోగులు రాలని గుడ్డతో తుడిచి, పూర్తిగా లోనికి దింపి, మరల తీసి చూడవలెను. తడి 'హాట్' అను గుర్తుల నడుమ ఉంటే మట్టం సరిపోయినట్లే. హోండా వారి అనేక ఆటోమేటిక్ కార్లలో ఇంజనును ఆపిన తరువాతనే చూడవలసి ఉంటుంది. కావున కారుతో ఇచ్చిన పుస్తకాన్ని చదవనిదే ఈ పనికి పూనుకొనరాదు.

కడ్డీపై మట్టంతో పాటు రంగును, వాసనను కూడా గమనించవలెను. ఇంజను ఆయిల్‌తో పొరబడకుండా ఏ.టి.ఎఫ్.కు సాధారణంగా ఎర్ర రంగు కలుపుతారు. అది గోధుమ రంగుకు మారి మాడు వాసన వేస్తే లోపల పలకలు కాలుతున్నవని అనుమానించవలెను. గులాబీ రంగు పాలవలె కనిపిస్తే రేడియేటరు నీరు అందులో కలిసినదన్నమాట. అట్టి కారును నడపరాదు.

పోయుట

కడ్డీ గొట్టంలోనే సన్నని గరాటు పెట్టి, ఒక్కొక్కసారి పావు లీటరుకు మించకుండా పోసి, మరల మట్టం చూడవలెను. ఎక్కువ పోయడం తక్కువ ఉండడమంత చేటు. తిరిగే భాగాలు ద్రవాన్ని చిలికి నురుగు చేస్తాయి. నురుగులోని గాలి నొక్కుకుపోతుంది గనుక ఒత్తిడి నిలువదు. ఆ పిదప కారు క్రింద శుభ్రమైన అట్ట పరచి, రాత్రంతా ఉంచి, మరకలు ఎక్కడ పడినవో చూస్తే కారే చోటు తెలియవచ్చును. అడుగు పళ్ళెం గాస్కెట్, ఇరుసుల ఆయిల్ సీళ్ళు, రేడియేటరు వద్దకు పోయే గొట్టాలు తరచు కారే చోట్లు.

ఏ ద్రవం పోయాలన్నది కారు తయారీదారు నిర్ణయించినదే. జనరల్ మోటార్స్ వారు 1967లో డెక్స్రాన్ ప్రమాణాన్ని తెచ్చారు. ఆ రోజులలో ఘర్షణను సరిచేయుటకు ఈ ద్రవంలో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారంటే నేటి విద్యార్థులకు వింతగా తోచవచ్చు. 1970వ దశకంలో అమెరికాలో తిమింగలాల రక్షణకై వచ్చిన ఆంక్షల వలన దానికి బదులు వేరే రసాయనాలు వచ్చాయి. సి.వి.టి. గేర్‌బాక్సులకు ప్రత్యేక ద్రవం ఉంది. వాటిలో సాధారణ ఏ.టి.ఎఫ్. పోయరాదు.

కడ్డీ లేని కార్లు

నేటి ఆటోమేటిక్ కార్లలో చాలావాటికి కడ్డీ లేదు. ద్రవం నిర్ణీత ఉష్ణోగ్రతకు చేరినప్పుడు, కారును సమతలంగా పైకెత్తి, మట్టపు బిరడాను విప్పి చూడవలెను. ఇది ఇంటి వద్ద చేయదగిన పని కాదు.

మాన్యువల్ కార్లలో ఇంజను ఆపి, గేర్‌బాక్సు ప్రక్కనున్న బిరడా విప్పుతారు. సాధారణంగా నూనె రంధ్రపు క్రింది అంచు వరకు ఉండవలెను. జి.ఎల్.-4 నూనె కోరిన గేర్‌బాక్సులో జి.ఎల్.-5 మంచిదేమోనని పోయరాదు. అందులో గంధకం, భాస్వరం గల రసాయనాలు ఎక్కువ. కొన్నిరకాల జి.ఎల్.-5 నూనెలలోని ఆ రసాయనాలు ఇత్తడి సింక్రోనైజరు రింగులను తినివేస్తాయి. భారతదేశంలో 2014లో మారుతి సుజుకి సెలెరియోతో ప్రచారంలోనికి వచ్చిన ఏ.ఎం.టి. కార్లు పేరుకు ఆటోమేటిక్ అయినా, వాటి గేర్‌బాక్సు మాన్యువల్ రకమే. వాటికి కావలసినది గేర్ ఆయిల్. క్లచ్చును, గేరును కదిలించే యంత్రం ద్రవపు ఒత్తిడితో పనిచేసేదైతే దానికి వేరొక ద్రవం, వేరొక డబ్బా ఉంటాయి.