పాత ఆయిల్ ఇంజన్ల మరువినియోగం (కడప జిల్లా)

సేద్యపు బావుల మీద నీళ్లు తోడటానికి బిగించిన డీజిల్ ఇంజన్లను అక్కడ పని తీరాక విప్పి తెచ్చి పిండి మరలకు, జనరేటర్లకు, చెరకు రసం మిషన్లకు, రాతి గనులకు వాడుకునే పద్ధతి ఇది. వాడుకలో వీటిని ఆయిల్ ఇంజన్లంటారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో ఇంజన్లు ఎక్కువగా ఖాళీ అయింది అరిగిపోయి కాదు, బావిలో నీరు వాటికి అందనంత లోతుకు దిగిపోవడం వల్ల.

ఇంజన్ రాకముందు వందల ఏళ్లపాటు నీళ్లు తోడే పని ఎడ్లు లాగే కపిలది. యంత్రం సంగతి 20వ శతాబ్ది తొలి దశాబ్దంలో మొదలైంది. కడప అప్పుడు మద్రాసు రాజధానిలో భాగం. అక్కడి ప్రభుత్వంలో పనిచేసిన ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ నూనెతో నడిచే ఇంజన్లను, పంపులను బావుల మీద పెట్టి పరీక్షించాడు. ఎత్తిపోతల సేద్యం మీద పుస్తకం కూడా రాశాడు. రైతు చేతికి యంత్రం అందాలని పట్టుదలగా పనిచేసిన అరుదైన అధికారి. పరిశ్రమల ప్రోత్సాహం సర్కారు పని కాదని 1910లో భారత వ్యవహారాల మంత్రి మార్లే అడ్డు చెప్పడంతో ఆ ఊపు తగ్గింది.

పల్లెల్లో నిలదొక్కుకున్నది డీజిల్ ఇంజన్. ఇంగ్లండులోని డర్స్‌లీలో లిస్టర్ కంపెనీ 1930 ప్రాంతంలో తెచ్చిన సీఎస్ రకం దీనికి మూలపురుషుడు. ఒకే సిలిండరు, రెండు పెద్ద ఫ్లైవీళ్లు, మూడు క్వింటాళ్ల పైచిలుకు బరువు. ఆరు గుర్రాల రకం నిమిషానికి 650 చుట్లు తిరుగుతుంది. రెండు చుట్లకు ఒకసారి మండుతుంది కనుక సెకనుకు అయిదు దెబ్బలు పైచిలుకు. ఆ దెబ్బల చప్పుడును బట్టే ఇంజన్ బరువు లాగుతోందో, ఊరికే తిరుగుతోందో దూరం నుంచే తెలిసిపోయేది. లిస్టర్ ఈ రకాన్ని 1987లో ఆపేసింది. రాజ్‌కోట్ కార్ఖానాలు మాత్రం నకళ్లు పోస్తూనే వచ్చాయి. అవి అమెరికా దాకా వెళ్లి ఇళ్లకు కరెంటిచ్చాయి, పొగ నిబంధనలు అడ్డొచ్చాక అక్కడికి దిగుమతి ఆగింది. మన దేశంలో 1930ల తొలినాళ్లలోనే సతారాలో కూపర్ డీజిల్ ఇంజన్ తయారుచేసింది. 1946లో పుణె దగ్గర ఖడ్కీలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ పుట్టింది. దాని ఏవీ1 రకం 80 మిల్లీమీటర్ల బోరు, 110 మిల్లీమీటర్ల స్ట్రోకు, 1500 చుట్లు, అయిదు గుర్రాల బలంతో తేలికగా, చురుగ్గా ఉండేది. భూమి తనఖా బ్యాంకుల దీర్ఘకాలిక అప్పులు ఈ ఇంజన్లను మామూలు రైతు గడపకు చేర్చాయి.

1900లో ప్యారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపారు. చెనిక్కాయలు పండించే పులివెందుల రైతు మాత్రం ఆ నూనెను తాళింపుకే ఉంచుకుని, ఇంజన్‌కు బంకులో డీజిల్ కొన్నాడు. లెక్క తెలిసినవాడి పని.

గట్టున కూర్చున్న సెంట్రిఫ్యూగల్ పంపు నీటిని పీల్చి పైకి తెచ్చే లోతుకు హద్దుంది. సిద్ధాంతంలో పది మీటర్ల చిల్లర, ఆచరణలో ఇరవై అయిదు అడుగులు దాటితే కష్టం. నీరు దిగేకొద్దీ బావి గోడలో గూడు తొలిచి, దూలాలు వేసి ఇంజన్‌నే లోపలికి దించారు. ఇంజన్ పొగ బావిలో కమ్ముకుని మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్న ఘటనలు రాష్ట్రంలో చాలాచోట్ల ఉన్నాయి. తర్వాత బోరుబావులు, సబ్‌మెర్సిబుల్ మోటార్లు వచ్చాయి. కుందూ, పెన్న ఒడ్డున నీరు చేతికందే చోట్ల తప్ప ఇంజన్లు కొట్టాల్లోకి చేరాయి.

కొట్టంలోని ఇంజన్‌ను మరో పనికి మళ్లించడంలో మొదటి చిక్కు నీళ్లే. బావి మీద ఉన్నప్పుడు పంపు తోడే నీటిలో ఒక పాయ ఇంజన్ జాకెట్టులోంచి పారి దాన్ని చల్లబరుస్తుంది. బావి వదిలాక ఆ సదుపాయం ఉండదు. అందుకని పక్కన రెండు వందల లీటర్ల డ్రమ్ము నిలబెట్టి, పైన ఒక గొట్టం, కింద ఒక గొట్టం కలుపుతారు. వేడినీరు పై గొట్టంలోంచి డ్రమ్ములోకి పోతుంది, చల్లనీరు కింద నుంచి ఇంజన్‌లోకి వస్తుంది, వేరే పంపు అక్కర్లేదు. రెండోది వేగం. 50 సైకిళ్ల కరెంటు కావాలంటే నాలుగు పోళ్ల ఆల్టర్నేటరు 1500 చుట్లు తిరగాలి. ఏవీ1కు దాన్ని నేరుగా కప్లింగుతో బిగించవచ్చు. లిస్టర్ రకమైతే ఇంజన్ పుల్లీ ఆల్టర్నేటరు పుల్లీకి 2.3 రెట్లు ఉండాలి. ఫ్లైవీల్ తేలికైతే దెబ్బదెబ్బకూ బల్బు మినుకుతుంది, అందుకే లిస్టర్ కంపెనీ కరెంటు సెట్లకు బరువైన ఫ్లైవీళ్లు ఇచ్చేది. మర ఎదురు దిక్కుకు తిరగాల్సి వస్తే బెల్టును 8 ఆకారంలో మెలితిప్పి వేస్తే సరిపోతుంది. ఇక గవర్నరు. నీళ్లు తోడేటప్పుడు బరువు ఒకే తీరు, చెరకు గడ రోలర్ల మధ్య పడ్డప్పుడు ఒక్కసారిగా మీద పడుతుంది. స్ప్రింగు సరిచేయకపోతే ఇంజన్ ఆగిపోతుంది, లేదంటే గడ బయటికి రాగానే పరుగు తీస్తుంది. మంచి మేస్త్రీ ఈ స్ప్రింగు దగ్గరే తెలుస్తాడు.

పత్తి, నూనెగింజల వ్యాపారానికి పేరున్న ప్రొద్దుటూరులో కాయలు ఒలిచే మిషన్లకు, పిండి మరలకు ఇవి పనికొచ్చాయి. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నాపరాతి గనుల్లో గుంతల్లో ఊరిన నీరు తోడాయి. రాతికి బెజ్జాలు వేయడంలో మాత్రం పని నడిపేది ట్రాక్టరు ఇంజన్‌తో తిరిగే కంప్రెషర్. ముగ్గురాయి గనులు, చీనీ తోటలు ఉన్న పులివెందుల వైపు తిరునాళ్ల దీపాలకూ మైకుసెట్లకూ ఇంజన్ జనరేటర్లే ఆధారం. ఉత్తరాదిలో పంపు ఇంజన్‌కు చక్రాలు తగిలించి ‘జుగాడ్’ అనే బండ్లు నడిపారు, మోటారు వాహనాల చట్టానికి లోబడకుండా అవి రోడ్డెక్కరాదని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంజనీరింగ్ కళాశాలల ప్రయోగశాలల్లో మాత్రం ఇదే పంపు ఇంజన్ గౌరవంగా కూర్చుని కానుగ నూనె, వేపనూనె పరీక్షలకు సాయపడుతోంది.

1994లో ముద్దనూరు, ఎర్రగుంట్ల మధ్య కలమళ్ల దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రం మొదటి యూనిట్ నడక మొదలుపెట్టినా పల్లెల్లో కోతలు తప్పలేదు, జనరేటరు ఇంజన్‌కు గిరాకీ నిలిచింది. పులివెందుల నుంచి 1978లో తొలిసారి శాసనసభకు ఎన్నికైన వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి, సేద్యానికి ఉచిత విద్యుత్ ఫైలు మీద తొలి సంతకం చేశారు. కరెంటు తీగ ఉన్న చోట డీజిల్ పోసి నీళ్లు తోడటానికి రైతుకు ఇక కారణం మిగల్లేదు. బాగుచేయడానికి లొంగని ఇంజన్లు పోత ఇనుము కింద తూకానికి పోయాయి.

2016 ఆగస్టులో వాన మొహం చాటేసినప్పుడు, ఎండుతున్న వేరుశనగను కాపాడటానికి ప్రభుత్వం రాయలసీమ చేలల్లోకి నీటిని వానలా చిమ్మే రెయిన్ గన్లు పంపింది. కరెంటు తీగ చేరని పంట కుంటల గట్ల మీద వాటిని నడిపింది ఆయిల్ ఇంజన్లే.