భీమ నామం: వ్యుత్పత్తి – గోదావరీ మండల సంప్రదాయం

గోదావరీ మండలంలో భీమన్న, భీమయ్య, భీమశంకరం, భీమేశ్వరరావు అనే పేర్లు వినగానే ద్వితీయ పాండవుడు స్ఫురించడం సహజం. అయితే ఈ నామకరణానికంతటికీ భారతకథే మూలమని నిర్ణయించడం తొందరపాటు.

భీమ శబ్దం భయార్థకమైన 'భీ' ధాతువునుండి ఏర్పడింది. భయపడేవాడు అని దీనికి అర్థం కాదు. పాణిని భీమాదులను అపాదానార్థంలో సాధించాడు (3.4.74). ఎవనివలన ఇతరులు భయపడతారో అతడు భీముడు. భీష్మ శబ్దమూ ఈ ధాతుజన్యమే. అమరకోశం భీమ శబ్దాన్ని శివపర్యాయాలలో చేర్చింది. శివుని అష్టమూర్తి నామాలలోనూ ఇది ఉంది. కనుక ఈ నామానికి ఇతిహాసార్థంతోపాటు శైవార్థమూ ప్రసిద్ధమే.

తూర్పు చాళుక్యుల కాలంలో మూడవ అర్థం చేరింది. సామర్లకోట కుమారారామ భీమేశ్వరాలయం మొదటి చాళుక్య భీముని (892–921) నిర్మాణమని చరిత్రకారులు సాధారణంగా అంగీకరిస్తారు. ప్రతిష్ఠించిన రాజు పేరును దేవునికి పెట్టడం ఆ వంశంలో కొత్త కాదు. నరేంద్రమృగరాజ బిరుదాంకితుడైన రెండవ విజయాదిత్యుని ఆలయాలు నరేంద్రేశ్వరాలయాలైనవి. ఈ దృష్టితో సామర్లకోటలో 'భీమేశ్వర' పదం షష్ఠీ తత్పురుషం: భీముని ఈశ్వరుడు. శ్రీనాథుని భీమేశ్వరపురాణం కీర్తించిన దాక్షారామ స్వామి విషయంలో మాత్రం భక్తులు గ్రహించేది కర్మధారయం: భీముడైన ఈశ్వరుడు. సమాసం ఒకటే, విగ్రహవాక్యాలు రెండు. ఇక భీమవరంలో, గునుపూడి పంచారామ దైవం సోమేశ్వరుడు. కాబట్టి ఆ ఊరిపేరును పంచారామ దైవంతో ముడిపెట్టడం కుదరదు. స్థానికులు చాళుక్య భీముని పేరే చెబుతారు.

పాండవుని పూర్తిగా తోసిపుచ్చడమూ సాధ్యం కాదు. తూర్పు చాళుక్యులు తరువాతి శాసనాలలో తమను చంద్రవంశజులుగా చెప్పుకొన్నారు. రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడు నన్నయను భారతరచనకు ప్రేరేపించడానికి ఆ వంశాభిమానమూ ఒక కారణం.

వేములవాడ భీమకవి దాక్షారామ భీమేశ్వరుని వరప్రసాదమన్న ఐతిహ్యం ఎంత చారిత్రకమో వేరే చర్చ. దైవానికి మొక్కి కన్న బిడ్డకు ఆ దైవం పేరే పెట్టే ఆచారాన్ని మాత్రం అది చక్కగా పట్టిచూపుతుంది. ఈ నామం ఏ ఒక్క కులానికో పరిమితమైనది కాదు. 1911లో మామిడికుదురులో దళిత కుటుంబంలో జన్మించిన బోయి భీమన్న పేరే సాక్ష్యం.

భీమసేన రూపం వ్యవహారంలో పాండవుని, భీమశంకర, భీమేశ్వర రూపాలు శివుని తెలుపుతాయి. భీమన్న, భీమయ్య రూపాలలో ఆ సూచన లేదు. వాటి అర్థనిర్ణయానికి నిఘంటువు చాలదు. ఆ కుటుంబపు ఇలవేల్పును, మొక్కును, తాతముత్తాతల పేర్లను విచారించవలసిందే.