నిలిపి ఉంచిన కారులో ఎలుకల కంపు – తొలగించే పద్ధతి, తీసుకోవాల్సిన జాగ్రత్తలు

పంట పనుల రోజుల్లో కారు లేదా ట్రాలీ ఆటో వారాల తరబడి షెడ్డులోనే ఉండిపోతుంది. పక్కనే ధాన్యం, గడ్డి, దాణా ఉంటే ఎలుకలు బండిలో గూడు పెడతాయి. వాటి మూత్రం సీటు స్పాంజిలోకి, తివాచీ కిందికి ఇంకి కంపు కొడుతుంది. సెంటు కొట్టినా, కలరా ఉండలు వేసినా ఆ కంపు పోదు. మూలం తీసేయాలి. హార్వెస్టర్, ట్రాక్టర్ క్యాబిన్లకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది.

శుభ్రం చేసే ముందు

• బండిని బయటికి నెట్టి, తలుపులు, డిక్కీ తెరిచి కనీసం అరగంట గాలి ఆడనివ్వండి.
• ఇంజను స్టార్ట్ చేయకండి. ఎలుకలు వైర్లు, పెట్రోలు పైపులు కొరికి ఉంటే మంట అంటుకునే ప్రమాదం ఉంది. బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, బానెట్ కింద పరిశీలించండి.
• రబ్బరు తొడుగులు, మాస్కు వేసుకోండి. చేతికి పుండ్లు, గాట్లు ఉంటే ఈ పని వేరొకరికి అప్పగించండి.

పెంటికలను చీపురుతో ఊడ్వకూడదు, వాక్యూమ్ పెట్టకూడదు. దుమ్ము లేచి ఊపిరిలోకి పోతుంది.

శుభ్రం చేసే విధానం

1. లీటరు నీటికి 15 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి, పైన తేరిన నీటిని వాడండి. ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి. ఇందులో యాసిడ్, వెనిగర్, ఫినాయిల్ వంటివేవీ కలపరాదు. యాసిడ్ కలిస్తే విషవాయువు వస్తుంది.
2. గూడు, పెంటికలు, చచ్చిన ఎలుకలపై ఈ నీరు చల్లి 10 నిమిషాలు నాననివ్వండి. తర్వాత గుడ్డతో ఎత్తి, రెండు కవర్లలో మూటకట్టి లోతుగా పూడ్చండి.
3. సీట్ల కింద, తివాచీ కింద, స్టెప్నీ గుంతలో, పైకప్పు గుడ్డ వెనుక కూడా వెతకండి. ఒక్క గూడు మిగిలినా కంపు తిరిగి వస్తుంది.
4. ప్లాస్టిక్, రబ్బరు భాగాలను బ్లీచింగ్ నీటితో తుడిచి, మంచినీటితో మళ్లీ తుడవండి. గుడ్డ సీట్లకు, ఇనుప భాగాలకు సబ్బు నీరు వాడండి. బ్లీచింగ్ తగిలితే గుడ్డ రంగు పోతుంది, ఇనుము తుప్పు పడుతుంది.
5. ఏసీ వేసినప్పుడు కంపు ఎక్కువైతే గూడు గాలి గొట్టాల్లో ఉన్నట్లే. చాలా కార్లలో ఏసీ ఫిల్టర్ గ్లోవ్ బాక్స్ వెనుక ఉంటుంది. దాన్ని మార్చండి. బ్లోయర్‌ను మెకానిక్‌తో విప్పించండి.
6. సీట్లు, తివాచీ విప్పి ఎండలో పూర్తిగా ఆరబెట్టండి. ఆరిన తర్వాత వంటసోడా చల్లి, రాత్రంతా ఉంచి దులపండి. అప్పటికీ కంపు పోకపోతే మూత్రం ఇంకిన స్పాంజిని మార్చడమే మార్గం.

విష మందులతో జాగ్రత్త

కలుగుల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలను బండిలో ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి. తేమ తగిలితే వాటి నుంచి ఫాస్ఫీన్ వాయువు వెలువడుతుంది. మూసిన బండిలో అది మనుషుల ప్రాణం తీస్తుంది. దీనికి విరుగుడు మందు లేదు. జింక్ ఫాస్ఫైడ్ ఎర కూడా బండిలో వద్దు. విషం తిన్న ఎలుక డ్యాష్‌బోర్డు లోపల చస్తే కంపు మరింత పెరుగుతుంది. బండి చుట్టూ బోన్లు పెట్టడం మేలు.

మళ్లీ రాకుండా

• బండిలో విత్తనాలు, వేరుశనగ, దాణా, ఖాళీ గోనె సంచులు ఉంచకండి.
• చిట్టెలుక 6 మిల్లీమీటర్ల సందులోంచి కూడా దూరుతుంది. షెడ్డు సందులను సన్న ఇనుప జాలీతో, సిమెంటుతో మూయండి.
• గడ్డివాముకు, ధాన్యం బస్తాలకు దూరంగా నిలపండి.
• వారానికోసారి బానెట్ ఎత్తి చూసి, బండిని కాసేపు నడపండి.

జ్వరం వస్తే

ఎలుకల మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ (ఎలుక జ్వరం) సోకుతుంది. శుభ్రం చేసిన తర్వాత మూడు, నాలుగు వారాల్లోపు జ్వరం, పిక్కల్లో తీవ్రమైన నొప్పులు, కళ్లు ఎర్రబడటం, కామెర్లు కనిపిస్తే వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. ఎలుకల గూడు శుభ్రం చేసిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. త్వరగా గుర్తిస్తే యాంటీబయాటిక్ మందులతో నయమవుతుంది.