గార పళ్ళ నుంచి పేస్టు ట్యూబు దాకా

ఫ్రెడరిక్ మెక్‌కే పళ్ళ డాక్టరు చదువు ముగించుకుని 1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో ప్రాక్టీసు పెట్టాడు. కొండల మధ్య చల్లని ఊరు. కుర్చీలో కూర్చుని నోరు తెరిచిన వాళ్ళలో చాలామందికి పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు, కొందరికైతే పన్నంతా చాక్లెట్ రంగే. తోమితే పోయే గార కాదది, పంటి మీది పింగాణీ పొరలోనే దిగిపోయిన రంగు. పంది మాంసం ఎక్కువ తినడం వల్లనన్నారు కొందరు, పాలు మంచివి కావన్నారు ఇంకొందరు, నీళ్ళలో సున్నం ఎక్కువన్నది మరో మాట. వైద్య పుస్తకాలు వెతికితే ఆ జబ్బు ఊసే లేదు.

తోటి డాక్టర్లు పెద్దగా పట్టించుకోలేదు. ఆ రోజుల్లో అమెరికా దంతవైద్యానికి పెద్దదిక్కు జి.వి. బ్లాక్. ఆయన 1909లో స్వయంగా వచ్చి చూశాడు. అక్కడే పుట్టి పెరిగిన పిల్లల్లో పదిమందికి దాదాపు తొమ్మిదిమంది నోళ్ళు అలాగే ఉన్నాయి. 1915లో బ్లాక్ కన్నుమూసేదాకా ఇద్దరూ కలిసి తవ్విన విషయంలో రెండు సంగతులు బయటపడ్డాయి. పళ్ళు ఇంకా చిగురు లోపల తయారవుతున్న వయసులోనే మచ్చ పడుతుంది. పెద్దయ్యాక ఆ ఊరు చేరినవాళ్ళకు ఏమీ కాదు. ఇక రెండోది ఇద్దరూ అనుకోనిది: చూడ్డానికి అంత వికారంగా ఉన్న ఆ పళ్ళు పుచ్చడం లేదు.

పన్ను ఎందుకు పుచ్చుతుందో అప్పటికి తెలియనిదేమీ కాదు. పన్నులో పురుగు ఉంటుందని బాబిలోనియా కాలం నుంచీ నమ్మిక. మన పల్లెల్లో వాకుడు గింజల పొగ పట్టి ఆ పురుగును రాల్చేవాళ్ళు ఉండేవాళ్ళు. ప్యారిస్ వైద్యుడు పియెర్ ఫోషార్ 1728లోనే ఈ పురుగు లేదు పొమ్మన్నాడు. బెర్లిన్‌లో పనిచేసిన డబ్ల్యూ.డి. మిల్లర్ 1890లో అసలు సంగతి తేల్చాడు. నోట్లోని సూక్ష్మక్రిములు తీపినీ పిండి పదార్థాలనీ తిని ఆమ్లం వదులుతాయి, ఆ ఆమ్లం పింగాణీలోని ఖనిజాన్ని కరిగిస్తుంది. క్రిములు అందరి నోట్లోనూ ఉంటాయి, తీపి అందరూ తింటారు. మరి కొలరాడో పిల్లల పళ్ళను కాస్తున్నదేమిటి? మెక్‌కే నీళ్ళను అనుమానించాడు.

1923లో ఐడహో రాష్ట్రంలోని ఓక్లీ అనే చిన్న ఊరి నుంచి కబురొచ్చింది. అయిదు మైళ్ళ అవతలి వేడినీటి ఊటకు పైపు వేసుకున్నాక పిల్లల పళ్ళకు మచ్చలు మొదలయ్యాయట. నీటి పరీక్షలో ఏమీ తేలకపోయినా ఆ పైపు మానుకోమన్నాడు మెక్‌కే. ఊరివాళ్ళు వేరే ఊటకు మారారు. తర్వాత వచ్చిన పళ్ళు తెల్లగా వచ్చాయి. నీళ్ళలో ఉందని రూఢి అయింది గానీ ఉన్నదేమిటో తెలియలేదు.

అది చెప్పినవాడు డాక్టరు కాదు, అల్యూమినియం కంపెనీ రసాయనికుడు. ఆర్కన్సాలోని బాక్సైట్ పట్నం అల్కోవా కంపెనీ గని కోసం వెలసిన ఊరు. అక్కడి పిల్లల పళ్ళకూ అవే మచ్చలు, అయిదు మైళ్ళ దూరంలో ఉన్నవాళ్ళకు లేవు. అల్యూమినియం గిన్నెల్లో వండితే విషమని అప్పట్లో ఒక ప్రచారం. దానికి ఈ మచ్చల గొడవ తోడైతే వ్యాపారం ఏం కాను? ఆ కంగారుతోనే కంపెనీ ప్రధాన రసాయనికుడు హెచ్.వి. చర్చిల్ ఆ నీటిని వర్ణపట యంత్రంతో పరీక్ష చేయించాడు. ఫ్లోరైడ్ అని తేలితే నమ్మలేక మళ్ళీ చేయించాడు. మళ్ళీ అదే! 1931లో మెక్‌కేకు ఉత్తరం రాశాడు. ప్రజారోగ్యం మీద ప్రేమతో మొదలైన పరీక్ష కాదు గానీ, ముప్పై ఏళ్ళ చిక్కుముడి దానితోనే వీడింది.

ఆ తర్వాత లెక్క తేల్చే పని ప్రభుత్వ దంతవైద్యుడు ట్రెండ్లీ డీన్ మీద పడింది. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఉంటే మచ్చలు దాదాపు ఉండవు, పుచ్చు మాత్రం తగ్గుతుంది. ఆ ధైర్యంతో 1945 జనవరి 25న మిషిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్ ఊరి నీటిలో ఫ్లోరైడ్ కలిపారు. పదకొండేళ్ళ తర్వాత చూస్తే, కలపడం మొదలయ్యాక పుట్టిన పిల్లల్లో పుచ్చు పళ్ళు 60 శాతానికి పైగా తగ్గాయి. పోలిక కోసం కలపకుండా ఉంచిన మస్కిగన్ ఊరు ఆఖరుదాకా ఆగలేక 1951లోనే తానూ కలిపేసుకుంది. ఈ కలపడం మీద అమెరికాలో వాదులాట ఇప్పటికీ తెగలేదు. యూటా రాష్ట్రం 2025లో నిషేధించింది కూడా.

డీన్ అక్కడ ఎంత ఉంటే మేలో లెక్క కడుతున్న రోజుల్లోనే మన దగ్గర ఎంత ఉంటే కీడో బయటపడింది. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి 1937లో ఆనాటి నెల్లూరు జిల్లా పల్లెల గురించి రాశారు. అక్కడ జబ్బు పళ్ళతో ఆగలేదు. మెడ తిరగదు, నడుం వంగిపోతుంది, కీళ్ళు బిగుసుకుపోతాయి. నల్లగొండ జిల్లా బాధితుల మీద సిద్దిఖీ అనే వైద్యుడి వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. కింద నల్లరాయి, పైన ఎండ. రాతి పొరల్లో ఊరిన నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ, ఎండకు తాగే నీళ్ళూ ఎక్కువ. రంగు లేదు, రుచి లేదు, కాచితే పోదు. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దించే పద్ధతి కనిపెట్టి దానికి నల్లగొండ పేరే పెట్టింది. ఒక జిల్లాకు దక్కిన కీర్తి అంటే ఇదా అనిపిస్తుంది. మన దేశంలో తాగునీటికి ఫ్లోరైడ్ కలపకపోవడానికి ఇంతకన్నా వేరే కారణం అక్కర్లేదు.

నీటిలో వద్దనుకున్న చోట అది పేస్టులో వచ్చింది. అదీ తేలిగ్గా కాలేదు. మొదటి ప్రయత్నాల్లో పేస్టులోని సుద్దపొడే ఫ్లోరైడ్‌ను పట్టేసుకుని పనికిరాకుండా చేసింది. ఇండియానా విశ్వవిద్యాలయం వాళ్ళు తగిన జోడు కుదిర్చాక 1956లో క్రెస్ట్ పేస్టు అమెరికా అంతటా అమ్మకానికొచ్చింది.

మరో దిద్దుబాటు తర్వాత జరిగింది. మింగిన ఫ్లోరైడ్ పన్ను తయారయ్యేటప్పుడే లోపల చేరి గట్టిపరుస్తుందని మొదట్లో అనుకున్నారు. అసలు పని చాలావరకు పైపైనే, పన్నును తాకినప్పుడే జరుగుతుందని తర్వాత తెలిసింది. తీపి తిన్న కొద్ది నిమిషాల్లో పంటి మీది పాచిలో ఆమ్లం పెరుగుతుంది, పీహెచ్ 5.5 కంటే దిగితే ఖనిజం కరగడం మొదలు. అరగంటో గంటో గడిస్తే లాలాజలం ఆమ్లాన్ని విరిచి ఖనిజాన్ని తిరిగి చేరుస్తుంది. అప్పుడు ఫ్లోరైడ్ దగ్గరుంటే ఆ అతుకు మరింత గట్టిగా పడుతుంది. పుచ్చు మొదట నల్లటి గుంట కాదు. చిగురు అంచున, పన్ను ఆరబెట్టి చూస్తే, సున్నం పూసినట్టు మెరుపు లేని తెల్లమచ్చ. ఆ దశలో వెనక్కి మళ్ళించవచ్చు. గుంట పడ్డాక డాక్టరు పూడ్చాల్సిందే. గంటకోసారి బిస్కెట్టో, తీపి టీయో పడుతుంటే మాత్రం లాలాజలానికి తీరికే దొరకదు, ఎంత ఖరీదైన పేస్టయినా అంతే.

ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఫ్లోరైడ్ ఎన్ని పీపీఎం (పది లక్షల వంతుల్లో ఎన్ని వంతులు) ఉందో రాసి ఉంటుంది. మన దేశంలో 1000కి మించకూడదు. మూడేళ్ళ లోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత వేసి, మింగకుండా పెద్దవాళ్ళు పక్కనుండి చూసుకోవాలి. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్ళలోనైతే పిల్లలకు ఏ పేస్టు, ఎంత వాడాలో పళ్ళ డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. ప్రకటనల్లో బ్రష్ పొడవునా మెలికలు తిప్పి పోసేది కంపెనీ సరదా కోసం. తోమాక ఉమ్మేస్తే చాలు. మనమేమో చెంబెడు నీళ్ళతో నాలుగుసార్లు పుక్కిలించి, పంటి మీద నిలవాల్సిన ఫ్లోరైడ్‌ను కూడా సింకులో పారబోస్తాం.