బోర్డు మీద లేని పేరు

న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్ నగరానికి పడమటి శివారు హెండర్సన్. అక్కడి రైల్వే స్టేషనుకు దగ్గరలో, పట్టాల పక్కనే, 1920లలో కట్టిన రెండంతస్తుల ఇల్లొకటి ఇప్పటికీ ఉంది. దాని చుట్టూ ఒకప్పుడు 'మౌంట్ లెబనాన్' అనే ద్రాక్షతోట ఉండేది. ఆ తోటలో పుట్టిన సంస్థ పేరు 'ఎ. ఎ. కార్బన్ అండ్ సన్స్'. ఈ పేరులో తండ్రి ఉన్నాడు, కొడుకులున్నారు. డబ్బు పెట్టె తన దగ్గర ఉంచుకొని, ఇంట్లో ఎవరి పని ఏమిటో నిర్ణయించిన మనిషి మాత్రం లేదు. ఆమె పేరు నజీబీ. ఈ వ్యాసం ఆమె గురించి.

నజీబీ, ఆమె భర్త అసీద్ అబ్రహాం కార్బన్ లెబనాన్ పర్వతసీమలోని షువేర్ గ్రామానికి చెందినవారు. పందొమ్మిదో శతాబ్దంలో ఆ సీమ బతుకంతా పట్టుపురుగుల మీద ఆధారపడి ఉండేది. ఫ్రాన్స్‌లోని లియోన్ మిల్లులకు నూలు పంపే కార్ఖానాలలో పనిచేసినవారు ఎక్కువగా ఆ ఊళ్ల ఆడపిల్లలే. చైనా, జపాన్ పట్టు పోటీకి వచ్చి ధరలు పడిపోయినప్పుడు మగవాళ్లు ఓడలెక్కారు. చరిత్రకారుడు అక్రం ఖాతెర్ 2001లో ప్రచురించిన 'ఇన్వెంటింగ్ హోమ్' అనే పుస్తకంలో ఈ వలసను స్త్రీల కోణం నుంచి వివరంగా చర్చించాడు. అసీద్ 1892లో న్యూజీలాండ్ చేరాడు. ఊరూరా మూట మోసుకు తిరిగి చిల్లర సామాన్లు అమ్మాడు. ఆ తర్వాత ఆక్లాండ్‌లో దుకాణం పెట్టాడు. నజీబీ కొన్నేళ్లు ఊళ్లోనే ఉండి, ఇద్దరు కొడుకులు ఖలీల్, వదియర్‌లను వెంటబెట్టుకొని తర్వాత వచ్చింది. భర్త ముందు వెళ్లి నిలదొక్కుకోవడం, భార్య 'డిపెండెంట్'గా వెనక రావడం అనే ఈ క్రమం మన పాఠకులలో చాలామందికి సొంత ఇంటి కథే కాబట్టి దాన్ని విస్తరించను. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. 1899లో న్యూజీలాండ్ తెచ్చిన వలస నియంత్రణ చట్టం, దరఖాస్తును ఏదో ఒక యూరోపియన్ భాషలో స్వయంగా రాయాలని నిబంధన పెట్టింది. ఆ తలుపు మూసుకోక ముందే వచ్చిన కుటుంబాలలో వీరిదొకటి.

1902లో వారు హెండర్సన్‌లో 10 ఎకరాలు కొన్నారు. అది మంచి నేల కాదు. స్కాట్లాండ్ వ్యాపారి థామస్ హెండర్సన్ కలప మిల్లు కౌరీ మహావృక్షాలను కోసుకుపోగా మిగిలిన జిగట బంకమట్టి అది. వానాకాలంలో కాళ్లకు అంటుకునేది, ఎండలో పగుళ్లు తీసేది. ద్రాక్షకు ఏడాది పొడుగునా చాకిరీ తప్పదు. చలికాలంలో తీగ కత్తిరింపు, వసంతంలో తీగను కట్టడం, తెగులు పట్టకుండా మైలుతుత్తం, సున్నం కలిపి చల్లడం, కోతల కాలంలో ఇల్లంతా తోటలోనే ఉండడం. కూలీలను పెట్టుకునే స్తోమత లేని చోట ఈ పనంతా చేసేది కుటుంబమే. వాళ్లకు వండిపెట్టే పనిని మాత్రం ఏ లెక్కల పుస్తకమూ పనిగా రాయదు. (ఇక్కడొక చిన్న ముచ్చట. ద్రాక్షకు అరబ్బీలో 'ఇనబ్' అంటారు. మన హైదరాబాదు 'అనాబ్-ఎ-షాహీ'లోని అనాబ్ ఆ మాటే. నజీబీ మన మొజాంజాహీ మార్కెట్లో నిలబడి ఉంటే ఆ ఒక్క పండు పేరు ఆమెకు అర్థమై ఉండేది.)

ఆ తోటలో తొలి ద్రాక్షసారా 1908లో తయారైంది. అదే ఏడు ఆ తోట ఉన్న ఈడెన్ నియోజకవర్గం మద్యనిషేధానికి ఓటు వేసింది. ఐదింట మూడు వంతుల ఓట్లు వస్తే ఆ ప్రాంతంలో మద్యం అమ్మకం ఆగిపోవాలన్నది నాటి నియమం. తయారు చేసుకోవచ్చు, ఆ నేల మీద అమ్మకూడదు. కార్బన్ కుటుంబం సరిహద్దును పరిశీలించి, రైలుపట్టాలకు అవతల, నిషేధం లేని వైపున అమ్మకాల కొట్టు కట్టింది. తోట ఇవతల, గల్లాపెట్టె అవతల.

ఈ ఘట్టాన్ని సాధారణంగా అసీద్ చతురతగా చెబుతారు. నాకు ఇందులో కనిపించేది మరొకటి. ప్రపంచంలో స్త్రీలందరికీ పార్లమెంటు ఎన్నికలలో ఓటు ఇచ్చిన మొదటి స్వపరిపాలిత దేశం న్యూజీలాండ్, 1893లో. ఆ ఉద్యమానికి నాయకత్వం వహించిన కేట్ షెపర్డ్ మద్యనిషేధ మహిళా సంఘం మనిషి. తాగుడు వల్ల ఇల్లు గుల్లైన ఆడవాళ్ల బాధే ఆ ఉద్యమానికి చాలావరకు ఇంధనం. ఆ ఉద్యమం గెలిచిన చోట మరో ఆడమనిషి ఇంటి పొయ్యి ఆరిపోయే ప్రమాదం వచ్చింది. పైగా విదేశీయురాలైన భార్య పౌరసత్వం నాడు భర్త కాగితాలను బట్టి ఉండేది. ఆయన బ్రిటిష్ పౌరుడైతే ఆమె పౌరురాలు, కాకపోతే ఆమెకు ఓటు లేదు. 1893 విజయాన్ని గురించి రాసేటప్పుడు ఈ సంగతి ఎవరూ ప్రస్తావించకపోవడం నాకు లోపంగానే తోస్తుంది. 1919 ఏప్రిల్‌లో దేశమంతటా నిషేధం పెట్టాలా అన్న ఓటింగులో స్వదేశంలోని ఓట్లు నిషేధానికే మొగ్గగా, విదేశాలలో ఉన్న సైనికుల ఓట్లు దాన్ని ఆపాయి.

మొదటి ప్రపంచ యుద్ధం మరో ముప్పు తెచ్చింది. లెబనాన్ అప్పుడు ఉస్మానియా సామ్రాజ్యంలో భాగం. పొరుగున కౌరీ బంక తవ్వకాల నుంచి ద్రాక్షకు మళ్లిన డాల్మేషియన్లు ఆస్ట్రియా-హంగరీ ప్రజలు. ఏ సామ్రాజ్యం నుంచి తప్పించుకుని వచ్చారో, ఆ సామ్రాజ్యపు మనుషులుగానే వీరంతా అనుమానాన్ని ఎదుర్కోవలసి వచ్చింది.

కుటుంబం పెరిగిన కొద్దీ నజీబీ అధికారమూ పెరిగింది. కోడళ్లు, మనవలు ఉన్న ఉమ్మడి కుటుంబం అది. కొడుకులు సంపాదించినదంతా ఒకే సంచిలో చేరేది, దాని ముడి ఆమె చేతిలో ఉండేది. మనకు ఇదేమీ కొత్త కాదు. కృష్ణా డెల్టాలోనో తెలంగాణ మోటబావుల కిందనో ఇంటి తాళాల గుత్తి నడుముకు దోపుకొని, విత్తనం నుంచి పెళ్లిళ్ల దాకా నిర్ణయించిన పెద్దావిడలు ఎందరో. పట్టాదారు పాసుపుస్తకంలో మాత్రం పేరు వేరేవారిది. న్యూజీలాండ్‌లో వివాహిత స్త్రీ సొంత ఆస్తి కలిగి ఉండే హక్కు 1884లోనే చట్టమైంది. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు పుట్టుకతో వాటా ఇచ్చే సవరణ ఆంధ్రప్రదేశ్‌లో వచ్చింది 1980ల నడుమ, ఎన్.టి.ఆర్ హయాంలో. చట్టం నూరేళ్లు ముందున్న దేశంలో కూడా బోర్డు మీద 'అండ్ సన్స్' అనే రాశారంటే, ఆమెది హోదా లేని అధికారమని అనుకోవాలి. అలాంటి అధికారం ఇంటి గుమ్మం దాటదు, చనిపోయాక వారసులకు అందదు.

అసీద్ 1941లో మరణించాడు. కొడుకు వదియర్ సారా తయారీని చూసుకున్నాడు. మనవడు అలెక్స్ ఆస్ట్రేలియాలోని రోజ్‌వర్తీ కళాశాలలో ద్రాక్షసారా శాస్త్రంలో పట్టా పొందాడు. తాత పేరే పెట్టుకున్న మరో మనవడు అసీద్ 1989లో ఏర్పడిన వైటాకెరె నగరానికి తొలి మేయరు. వ్యాపారం రాత్‌మన్స్ అనే పొగాకు కంపెనీకి, చివరికి 2000లో మోంటానాకు పోయింది. ఆ కుటుంబ చరిత్రను డిక్ స్కాట్ 2002లో 'ఎ స్టేక్ ఇన్ ద కంట్రీ' అన్న పుస్తకంగా రాశాడు. దాని ఉపశీర్షిక అసీద్ అబ్రహాం కార్బన్ పేరుతో మొదలవుతుంది. నజీబీ ఆ తర్వాత వచ్చే 'కుటుంబం' అన్న మాటలో ఉంది. పట్టాల పక్క ఆ ఇల్లు ఇప్పుడు కార్బన్ ఎస్టేట్ ఆర్ట్స్ సెంటర్. లోపల చిత్ర ప్రదర్శనలు జరుగుతుంటాయి, పిల్లలు మట్టితో బొమ్మలు చేయడం నేర్చుకుంటుంటారు.