పట్నంలో కుటుంబం జారిపోయే చోటు

పేదవారిని పైకి లేపడం గురించి మన సంఘాల్లో తరచూ మాట్లాడుకుంటాం. నిన్నటివరకు బాగానే బతికిన కుటుంబం పేదరికంలోకి ఎలా జారిందో అంతగా అడగం. అనిరుధ్ కృష్ణ అనే పరిశోధకుడు మన ఆంధ్ర పల్లెలతో పాటు మరికొన్ని దేశాల్లోనూ వేల కుటుంబాలను ఇదే విషయం అడిగి, 2010లో పుస్తకం వెలువరించారు. ఆయనకు ఎక్కువగా వినిపించిన జవాబు జబ్బు. దాని వెంట అధిక వడ్డీ అప్పు, పెళ్లి ఖర్చు, చావు ఖర్చు.

పట్నంలో ఇది ఇంకా వేగంగా జరుగుతుంది. పల్లెలో సొంత గూడైనా ఉండవచ్చు. హైదరాబాదులో ఆటో నడిపే సహోదరుని కాలు విరిగితే ఆదాయం ఆ రోజే ఆగుతుంది, అద్దె ఆగదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎందరికో అండగా నిలిచింది; తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. అయితే అది చికిత్స కోసమే. ఇంటి అద్దె, పిల్లల ఫీజు అందులోకి రావు.

ఆ ఖాళీలోకి వచ్చేది నూటికి పది రూపాయల వడ్డీ. 50,000 తెస్తే నెలకు 5,000 వడ్డీకే పోతుంది. పది నెలల్లో అసలంత సొమ్ము కట్టినా అసలు అలాగే ఉంటుంది. 2015లో విజయవాడ కాల్‌మనీ వ్యవహారం బయటపడినప్పుడు ఈ అప్పులు ఇళ్లను ఏం చేస్తాయో రాష్ట్రమంతా చూసింది. మహిళా పొదుపు సంఘంలో ఉన్నవారికి బ్యాంకు ద్వారా నూటికి రూపాయి అటూ ఇటూగా దొరుకుతుంది. కానీ ఆపద వచ్చాక సంఘంలో చేరితే ఆ రోజే అప్పు పుట్టదు.

భర్త చనిపోయాక అప్పులవాడు కుమారులను పట్టుకుపోవడానికి వచ్చిన విధవరాలి సంగతి 2 రాజులు 4లో చదివాం. అలాంటి ఇంటికి ఉపయోగపడేవి రెండు బీమాలున్నాయి. 18 నుండి 70 ఏళ్లవారికి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు. 18 నుండి 50 ఏళ్లలోపు చేరేవారికి జీవన్ జ్యోతి 436 రూపాయలు; మరణం ఏ కారణంతో వచ్చినా 2 లక్షలు. కొత్తగా చేరినవారికి మొదటి 30 రోజుల్లో ప్రమాద మరణానికే వర్తిస్తుంది. రెండూ జూన్ 1 నుండి మే 31 వరకే. గడువు ముగిసేనాటికి ఖాతాలో 456 రూపాయలు లేకపోతే అవి ఆగిపోవచ్చు, ఇంట్లో ఎవరికీ తెలియను కూడా తెలియదు.

జ్ఞాపకార్థ కూడికకు అప్పు చేసి భోజనాలు పెట్టే అలవాటు మనలోనూ ఉంది. టీ చాలునని కాపరే చెబితే ఆ కుటుంబానికి ఊరట.

మే నెలలో ఒక ఆదివారం ఆరాధన తరువాత యవనస్థులు బల్ల వేసుకుని కూర్చుని, పాస్‌పుస్తకాలు చూసి పెట్టవచ్చు. బీమా సొమ్ము కట్ అయిందా, నామినీగా ఎవరి పేరుంది, రేషన్ కార్డులో కోడలి పేరు చేరిందా. నామినీగా రాసిన తల్లి ఎప్పుడో చనిపోయి ఉంటే, భార్య పేరు మార్పించాల్సింది ఆమె భర్త బతికి ఉండగానే.