ఎత్తిన చెత్త ఎక్కడ పెట్టారు?

ఈసారి పోస్టు పొడుగు. లంచ్ బ్రేకులో సగం, బస్సులో సగం చదువుకోండి.

వీధిలోకి రావడమంటే మనకు భయం. "మనకెందుకొచ్చిన గొడవ, వీసా మీద ఉన్నాం కదా" అని మా రూములో వారానికి నాలుగుసార్లు అనుకుంటాం. గ్యాస్ స్టేషన్‌లో నిలబడేవాడూ అదే మాట, వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్టు చేసేవాడూ అదే మాట, కాంట్రాక్టు మీద కోడు రాసేవాడూ అదే మాట. అందుకే మనకంటే ముందు ఈ దేశానికి కూలికొచ్చిన వాళ్ళు వీధిని ఎట్లా వాడుకున్నారో కొన్నాళ్ళుగా వెతికి చదువుతున్నాం. మాకు దొరికినవాటిలో ఉపన్యాసాలు తక్కువ. నాటకాలు, బొమ్మలు, చీపుర్లు, బకెట్లే ఎక్కువ.

1969 వేసవి. న్యూయార్క్‌లో ఈస్ట్ హార్లెం. ప్యూర్టో రికో దీవి నుంచి పనికోసం వచ్చిన కుటుంబాలు కిక్కిరిసి ఉండే పేట. ఫ్యాక్టరీల్లో, హోటల్ వంటిళ్ళలో, ఆసుపత్రుల్లో కింది పనులన్నీ వాళ్ళవే. ఆ ఇళ్ళ పిల్లలు కొందరు కాలేజీల్లో చదివి, విప్లవం గురించి పుస్తకాలు తిరగేసి, "యంగ్ లార్డ్స్" అనే పేరుతో పేటలోకి దిగారు. షికాగోలో అప్పటికే ఆ పేరుతో ఒక సంఘం ఉండేది. వీళ్ళు జనం దగ్గరికెళ్ళి మీ ముఖ్యమైన సమస్య ఏంటని అడిగారు. వలసపాలననో, దోపిడీ అనో జవాబు వస్తుందని చూశారు. జనం చెప్పింది ఒకటే మాట: బసూరా. స్పానిష్‌లో చెత్త అని.

నగరం చెత్త బండ్లు డబ్బున్న పేటలకు తిరిగినట్టు ఇక్కడికి తిరిగేవి కావు. కుర్రాళ్ళు కాస్త నిరాశపడ్డా, మాట విన్నారు. అదే వాళ్ళ గొప్పతనం అంటాం మేము. ఆదివారాలు చీపుర్లు పట్టుకుని వీధులు ఊడ్చారు. మొదట జనం వింతగా చూశారు, తర్వాత కొందరు కలిశారు. ఊడ్చింది సంచుల్లో పెట్టారు, బండ్లు మాత్రం రాలేదు. చీపుర్లు, సంచులు ఇవ్వమని పారిశుధ్య శాఖ ఆఫీసుకు పోతే అక్కడ కుదరదన్నారు. జూలై 27న ఆ చెత్తంతా, పాత పరుపులతో, విరిగిన సోఫాలతో సహా, 110వ వీధి దగ్గర థర్డ్ అవెన్యూకి అడ్డంగా పోశారు. కార్లు ఆగిపోయాయి. కుప్పకు నిప్పు కూడా పెట్టారు. అది మేం చేయమని ఎవరికీ చెప్పం, మనం ఉన్న స్థితిలో అగ్గిపుల్ల ముట్టుకున్నా కష్టమే. కానీ పేట లోపలి సందులో ఉన్నంతకాలం ఎవరి కంటా పడని చెత్త, ఊరంతా పోయే రోడ్డు మీదికి రాగానే అందరి సమస్య అయింది. ఆ ఏడాది మేయర్ ఎన్నికలు. పేటకు పెద్దోళ్ళు రావడం మొదలైంది.

చెత్త బండి వాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదని కూడా ఇక్కడే చెప్పాలి. అంతకు ముందు ఏడాది, 1968 ఫిబ్రవరి 1న, మెంఫిస్‌లో ఇద్దరు నల్లజాతి పారిశుధ్య కార్మికులు చెత్త బండి యంత్రంలో నలిగి చనిపోయారు. దాదాపు 1,300 మంది సమ్మెకు దిగారు. వాళ్ళు పట్టుకున్న అట్టల మీద ఉన్నది "నేను మనిషిని" అన్న ఒక్క ముక్కే. జీతం అంకె లేదు, డిమాండ్ల జాబితా లేదు. వందల మంది ఒకే అట్ట పట్టుకుని వరుసగా నడుస్తుంటే చూసేవాడికి ఇంకేం కావాలి. మార్టిన్ లూథర్ కింగ్ ఆ ఊరికి వచ్చింది వీళ్ళ కోసమే. ఏప్రిల్ 4న అక్కడే ఆయన్ని చంపేశారు.

యంగ్ లార్డ్స్ చెత్తతో ఆగలేదు. పాత ఇళ్ళ గోడల మీద సీసం కలిసిన రంగు పెచ్చులూడి పడుతుండేది. పసిపిల్లలు అవి నోట్లో పెట్టుకునేవాళ్ళు. సీసం మెదడును దెబ్బ తీస్తుంది. పరీక్ష కిట్లు నగరం దగ్గర ఉన్నాయి కానీ ఇంటింటికీ తిరిగే నాథుడు లేడు. 1969 నవంబరులో వీళ్ళు ఆరోగ్య శాఖ ఆఫీసులో బైఠాయించి కిట్లు తెచ్చుకున్నారు. వైద్య విద్యార్థుల్ని వెంటబెట్టుకుని తలుపు తలుపు కొట్టి పిల్లల్ని పరీక్షించారు. 1970 జూన్‌లో క్షయ పరీక్ష చేసే ఎక్స్‌రే బండిని స్వాధీనం చేసుకుని జనం ఉన్నచోటికి నడిపించారు. నగరం సీసం విషయంలో ప్రత్యేక విభాగం పెట్టుకుంది ఈ ఒత్తిడి తర్వాతే.

ఇప్పుడు కాస్త మన సంగతి. మనం కూడా శనివారాలు పార్కుల్లో, వాగుల దగ్గర చెత్త ఎత్తుతాం. ఒకే రంగు టీషర్టులు, సమోసాలు, చాయ్, బ్యానర్ వెనక గ్రూప్ ఫోటో. తప్పు కాదు, మేమూ దిగాం ఆ ఫోటోల్లో. ఎత్తిన సంచుల్ని కౌంటీ బండి తీసుకుపోతుంది, మళ్ళీ నెలకు వాగు అట్లాగే ఉంటుంది. ఈ చెత్త ఎక్కడి నుంచి వస్తోంది, ఎవరిది అని మేం ఎన్నడూ అడగలేదు. ఈస్ట్ హార్లెం కుర్రాళ్ళ పేరు పుస్తకాలకెక్కింది ఊడ్చినందుకు కాదు. ఊడ్చింది తీసుకుపోయి ఎక్కడ పెట్టారన్న దానికి.

ఇది మనకు తెలియని విద్యేం కాదు. 1996 లోక్‌సభ ఎన్నికలు గుర్తున్న వాళ్ళుంటారు. నల్లగొండలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయిన ఊళ్ళు. చెప్పీ చెప్పీ విసిగిపోయి, జల సాధన సమితి పిలుపుతో జనం నామినేషన్లు వేశారు. ఒక్క నియోజకవర్గంలో 480 మంది అభ్యర్థులు! బ్యాలెట్ పేపరు పుస్తకం అంత అయింది, పోలింగు వాయిదా వేయాల్సి వచ్చింది. నీళ్ళ సమస్యను పట్టుకెళ్ళి సరాసరి బ్యాలెట్ పెట్టెలో పెట్టారు. అదే ఏడాది డిపాజిట్ సొమ్ము 500 నుంచి 10,000కి పెంచేశారనుకోండి. ఆ తలుపు మూశారు కానీ, దేశమంతా నల్లగొండ నీళ్ళ గురించి చదివింది.

"వాళ్ళకు పౌరసత్వం ఉందిగా" అంటారు మీరు. నిజమే. ప్యూర్టో రికో వాళ్ళు 1917 నుంచి అమెరికా పౌరులు. నల్లగొండ వాళ్ళకు ఓటుంది. మనకు ఏదీ లేదు. కాబట్టి కాగితాలు లేనివాళ్ళు, ఉన్నా లేనట్టే ఉన్నవాళ్ళు ఏం చేశారో చూద్దాం.

కాలిఫోర్నియాలో డెలానో. 1965 సెప్టెంబరు 8న ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ద్రాక్షతోట కూలీలు లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలో పని ఆపేశారు. వారం తిరగగానే సీజర్ చావెజ్, డొలోరెస్ వెర్టాల సంఘంలోని మెక్సికన్ కూలీలు కలిశారు. తోటలు మైళ్ళ కొద్దీ ఉంటాయి, లోపల పనిచేసేవాళ్ళకు బయట రోడ్డు మీద అరిచే మాట చెవిన పడదు. కూలీ ఇంట్లో పుట్టిన లూయిస్ వాల్డెస్ అనే పాతికేళ్ళ కుర్రాడు "తియాత్రో కాంపెసీనో", అంటే రైతుకూలి నాటకం, అని మొదలుపెట్టాడు. లారీ వెనక ట్రక్కు బల్లే స్టేజీ. నటులంతా సమ్మెలో ఉన్న కూలీలే. తెర లేదు, సెట్టింగుల్లేవు. మెడలో అట్ట వేలాడుతుంది: ఇతను "చిన్నదొర", ఇతను "మేస్త్రి", ఇతను "సమ్మె విరిచేవాడు". మన పగటివేషగాళ్ళు చూస్తే తమ వాళ్ళే అనుకునేవారు.

ఒక నాటకంలో పంది మూతి ముసుగు వేసుకున్న చిన్నదొర కూలీ దగ్గరికొచ్చి తన కష్టాలు చెప్పుకుంటాడు. బంగళా ఖర్చులు, కారు ఖర్చులు, నీ బతుకే హాయిరా బాబూ అని. సరదాగా వేషాలు మార్చుకుందాం అని ముసుగు, అట్ట కూలీకిస్తాడు. ముసుగు పెట్టుకున్న కూలీ దొరలాగే మాట్లాడటం మొదలుపెట్టేసరికి అసలు దొరకు ఏడుపొస్తుంది, చివరికి తనే సమ్మె సమ్మె అని కేకలు పెడతాడు. దొర ముసుగు తీస్తే వాడూ మనలాంటి మనిషే అని కూలీల కళ్ళముందు తేలిపోయింది. భయం పోవడానికి అంతకంటే పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. 1966 మార్చి 17న డెలానో నుంచి శాక్రమెంటోకి దాదాపు 300 మైళ్ళ నడక మొదలుపెట్టారు. రాత్రి ఎక్కడ ఆగితే అక్కడ నాటకం. నడక ముగిసేలోపే షెన్లీ అనే పెద్ద కంపెనీ యూనియన్‌ను గుర్తించడానికి ఒప్పుకుంది. మిగతా ద్రాక్షతోటల ఒప్పందాలకు 1970 దాకా పట్టింది. ఆ ఒప్పందాల్లో కూలితో పాటు పురుగుమందుల మీద షరతులు కూడా రాయించుకున్నారు. డి.డి.టి.ని ప్రభుత్వం నిషేధించింది 1972లో, కూలీలు అంతకు ముందే అడ్డుకున్నారు. పర్యావరణం అంటే అడవులు, ఎలుగుబంట్లు అనుకుంటాం. తోటలో వంగి పనిచేసేవాడికి పర్యావరణం అంటే తన చొక్కా మీద పడ్డ మందు. గుంటూరు, వరంగల్ పత్తి చేలు తెలిసినవాళ్ళకు ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు.

ఫ్లోరిడాలో ఇమ్మొకలీ అనే ఊరుంది. చలికాలంలో అమెరికా తినే టమాటాల్లో చాలా భాగం ఆ చుట్టుపక్కలవే. కోసేవాళ్ళు మెక్సికో, గ్వాటెమాలా, హైతీ మనుషులు. చాలామందికి కాగితాలు లేవు, ఒకరి భాష ఇంకొకరికి రాదు, చదువు తక్కువ. అందుకే వాళ్ళ సంఘం బొమ్మలతో, చిన్న చిన్న నాటికలతో మాట్లాడటం నేర్చుకుంది. అక్కడ లెక్కంతా బకెట్టుతోనే. బకెట్టుకు 32 పౌండ్లు, అంటే పద్నాలుగున్నర కిలోలు. అప్పట్లో కూలి బకెట్టుకు 40, 50 సెంట్లు ఉండేది. 50 డాలర్లు రావాలంటే కనీసం 100 బకెట్లు, అంటే పద్నాలుగున్నర క్వింటాళ్ళు ఎత్తి భుజాన మోసి లారీలో పోయాల్సి వచ్చేది. ఒక్క రోజులో.

1996లో ఒక కుర్రాడు నీళ్ళు తాగడానికి పని ఆపాడని మేస్త్రి చావబాదాడు. వందల మంది ఆ రక్తం మరకల చొక్కానే జెండాలా పట్టుకుని మేస్త్రి ఇంటిదాకా నడిచారు. 2000లో ఫోర్ట్ మయర్స్ నుంచి ఆర్లాండోకి 230 మైళ్ళ పైన నడిచినప్పుడు కాగితపు గుజ్జుతో ఒక స్వేచ్ఛామూర్తిని చేసి మోశారు. గోధుమరంగు చర్మం. ఒక చేతిలో దివిటీకి బదులు టమాటా, ఇంకో చేతిలో టమాటాల బకెట్టు. న్యూయార్క్ హార్బరులో ఉన్న బొమ్మను ఎంతమంది ఫోటో తీసుకున్నారో, ఈ బొమ్మను చూసినవాళ్ళు అంతకంటే బాగా గుర్తుపెట్టుకున్నారని మా నమ్మకం. మరుసటేడు టాకో బెల్ బహిష్కరణ మొదలైంది. 2005లో ఆ కంపెనీ పౌండుకు ఒక సెంటు అదనంగా ఇవ్వడానికి ఒప్పుకుంది. తర్వాత మెక్‌డొనాల్డ్స్, బర్గర్ కింగ్. ఇప్పుడు ఆ ఒప్పందాలున్న తోటల్లో నీళ్ళు, నీడ, పురుగుమందుల జాగ్రత్తలు కూడా నిబంధనలు. ఆ స్వేచ్ఛామూర్తి వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ అమెరికా చరిత్ర మ్యూజియం చేతికి చేరింది.

ఇక మనవాళ్ళు. 2005లో కత్రీనా తుపాను తర్వాత సిగ్నల్ ఇంటర్నేషనల్ అనే కంపెనీ భారతదేశం నుంచి సుమారు 500 మంది వెల్డర్లను, పైప్‌ఫిట్టర్లను హెచ్-2బి వీసా మీద మిసిసిపీకి, టెక్సాస్‌కి తెచ్చింది. గ్రీన్ కార్డు వస్తుందని ఏజెంట్లు చెప్తే ఒక్కొక్కరు 10,000 డాలర్లు, కొందరు ఇంకా ఎక్కువే కట్టారు. ఒక ట్రెయిలర్‌లో 24 మంది దాకా. దానికి రోజుకు 35 డాలర్లు జీతంలో కోత. వీసా యజమానికి కట్టేసి ఉంది, బయటికెళ్తే చట్టవిరుద్ధం. మన మెడలో ఉన్న తాడే అది, ముడి కాస్త గట్టిది అంతే. 2008 మార్చిలో ఓ వంద మంది బయటికొచ్చి, తలమీది హెల్మెట్లు తీసి కంపెనీ గేటు మీదుగా లోపలికి విసిరేశారు. తర్వాత న్యూ ఆర్లీన్స్ నుంచి వాషింగ్టన్‌కి ప్రయాణం. దానికి సత్యాగ్రహం అని పేరు పెట్టుకున్నారు. మే, జూన్ నెలల్లో రాజధానిలో నిరాహారదీక్ష. 2015లో జ్యూరీ ఐదుగురికి 1 కోటి 40 లక్షల డాలర్లు ఇవ్వాలంది. ఆ ఏడాదే మిగతా కేసులు 2 కోట్ల డాలర్లకు రాజీ అయ్యాయి. మధ్యలో ఏడేళ్ళు. ఆ ఏడేళ్ళు ఊళ్ళో అప్పులవాళ్ళకు ఏం చెప్పుకున్నారో, ఇంట్లో వాళ్ళకు ఏం పంపారో ఎవరూ పుస్తకం రాసినా పూర్తిగా పట్టదు. గెలిచారు కదా అని తేలిగ్గా చెప్పడం మాకు ఇష్టం లేదు.

ఇవన్నీ చదివాక మా రూములో ఒక తమ్ముడు, "అన్నా, మనకు హెల్మెట్టూ లేదు, బకెట్టూ లేదు, మనం ఏం పట్టుకుపోదాం?" అన్నాడు. అరగంట వాదించుకున్నాం. చివరికి తేలింది ఇదీ. వచ్చే నెల మొదటి శనివారం వాగు దగ్గర ఎప్పటిలాగే చెత్త ఎత్తుతాం. ఈసారి సంచుల్లో కట్టేసి వదిలేయకుండా, టార్పాలిన్ మీద పరిచి, బ్రాండు వారీగా వేరుచేసి లెక్క రాస్తాం. ఏ షాపు కవర్లు ఎన్ని, ఏ కంపెనీ సీసాలు ఎన్ని, ఏ వేర్‌హౌస్ ప్యాకింగు ఎంత. మేం ప్యాక్ చేసిందే అందులో ఉండొచ్చు, అదీ రాస్తాం. మా టౌన్‌షిప్ కౌన్సిల్ మీటింగులో జనం మాట్లాడటానికి మనిషికి కొన్ని నిమిషాలు ఇస్తారు, అక్కడ మాట్లాడినవాళ్ళ వీసా ఎవరూ అడగ్గా మేం చూడలేదు. ఆ లెక్క కాగితం అక్కడ చదువుతాం. గ్లవ్స్ మా దగ్గర పది జతలే ఉన్నాయి, వచ్చేవాళ్ళు తెచ్చుకోండి. పెద్ద టార్పాలిన్ ఎవరి దగ్గరైనా ఉంటే కామెంట్లో చెప్పండి.